పరికి పండ్లకూ ఒక తీర్మానం కావాలి: వేములపల్లి ప్రాంత పంచాయతీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వేములపల్లి మండల గ్రామ పంచాయతీల సర్పంచులకు, ఉప సర్పంచులకు, వార్డు సభ్యులకు, వారితో పాటు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల పంచాయతీ పాలకవర్గాలకు,

విషయం: గ్రామ ఉమ్మడి భూముల్లో మిగిలిన అడవి పండ్ల పొదలను కాపాడి, వాటిని కోసుకు తినే హక్కును గ్రామసభ తీర్మానంగా రాసిపెట్టవలసిందిగా విజ్ఞప్తి.

ఊళ్ల పేర్లు ఆ నేలలో ఒకప్పుడు ఏ చెట్లు పెరిగేవో చెప్పే పాత దస్తావేజుల వంటివి. వేములపల్లి పేరులోని వేము అంటే వేప. సూర్యాపేట జిల్లాలోని నేరేడుచర్ల, నల్లగొండ జిల్లాలోని నేరేడుగొమ్ము నేరేడు పేరును, చింతపల్లి, చింతలపాలెం చింత పేరును, మర్రిగూడ మర్రి పేరును మోస్తున్నాయి. కృష్ణా తీరాన ఉన్న అడవిదేవులపల్లి అడవినే తన పేరుకు ముందు నిలుపుకుంది. చెట్టును చూసి ఊరికి పేరు పెట్టుకున్న ప్రజలు ఆ చెట్టు పండునూ తమదిగానే భావించారు. గుట్ట మీది సీతాఫలం, చెరువు కట్ట మీది ఈతపండు, బీడులోని రేగుపండు ఎవరిదని అడగవలసిన అవసరం చాలా తరాల పాటు ఎవరికీ కలగలేదు. ఆ అడగనక్కరలేని తనం ఈనాడు రెండు వైపుల నుంచి కరిగిపోతున్నది: ఒకవైపు పండ్లనిచ్చే పొదలు తగ్గిపోతున్నాయి, మరోవైపు వాటిని కోసుకునే చనువును కాపాడే లిఖితమైన మాట ఏదీ గ్రామాల చేతిలో లేదు. ఈ రెండు లోట్లనూ పూడ్చగలిగిన మొదటి సంస్థ గ్రామ పంచాయతీయే కనుక ఈ లేఖ పంచాయతీలనే ఉద్దేశించి రాయబడింది.

ఇటువంటి చనువును చట్టంగా మలచుకున్న దేశాలు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. ఐరోపా ఖండపు ఉత్తర భాగంలోని డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ దేశాలను కలిపి నార్డిక్ దేశాలు అంటారు. వీటిలో స్వీడన్, నార్వే, ఫిన్లాండ్‌లలో భూమి ఎవరి పేరున ఉన్నా, ఇళ్ల ముంగిళ్లనూ పంట పొలాలనూ వదిలి, అడవిలో నడిచే హక్కు, అక్కడ తనంతట తాను పెరిగిన పండును కోసుకునే హక్కు ప్రతి మనిషికీ ఉన్నాయి. స్వీడన్‌లో దీనిని అలెమాన్స్‌రెట్టెన్ అంటారు. సర్వజన హక్కు అని దాని అర్థం. తరతరాల ఆచారంగా నడిచిన ఈ హక్కును స్వీడన్ 1994లో తన రాజ్యాంగంలో చేర్చుకుంది. నార్వే 1957లోనే ఆరుబయట విహారానికి సంబంధించిన ప్రత్యేక చట్టం చేసింది. ఫిన్లాండ్ శిక్షాస్మృతి ఏది దొంగతనం కాదో చెప్పే చోట అడవి పండ్లు, పుట్టగొడుగులు, నేల మీద పడిన ఎండుపుల్లలు ఏరుకోవడాన్ని పేరు పెట్టి మినహాయించింది. ఈ దేశాల్లో అడవి అంతా ప్రభుత్వానిదే కాదు. స్వీడన్‌లో సుమారు సగం, ఫిన్లాండ్‌లో అంతకన్నా ఎక్కువ భాగం వ్యక్తుల, కుటుంబాల సొంత ఆస్తి. చెట్టు కలప యజమానిది, చెట్టు కింది పండు కోసుకున్నవారిది అన్న విభజన అక్కడ ప్రభుత్వాలు మారినా మారకుండా నిలిచింది.

స్టాక్‌హోమ్, హెల్సింకి, ఓస్లో నగరాలకు చదువుల కోసమో ఉద్యోగాల కోసమో వెళ్లిన తెలుగువారికీ, వారిని చూడడానికి వెళ్లే తల్లిదండ్రులకూ ఈ హక్కు అక్కడి పౌరులతో సమానంగా వర్తిస్తుంది, ఎందుకంటే అది పౌరసత్వాన్ని అడగదు. జులై, ఆగస్టు నెలల్లో పైన్, స్ప్రూస్ చెట్ల నీడన మోకాలెత్తు పొదలకు కాసే నీలిపండ్లు, అంటే బిల్‌బెర్రీలు, తిన్నవారి నాలుకను నేరేడుపండులాగే ఊదారంగుకు మారుస్తాయి. ఆగస్టు చివరి నుంచి దొరికే ఎర్రని లింగన్ పండు పుల్లనిది. అందులో సహజంగానే బెంజోయిక్ ఆమ్లం ఉండడం వల్ల అది త్వరగా చెడిపోదు, అందుకే అక్కడి ఇళ్లలో దానిని మన ఊరగాయ జాడీల మాదిరిగా చలికాలానికి దాచుకుంటారు. బురదనేలల్లో ఒక్కో కాడకు ఒక్కటే కాసే బంగారు రంగు క్లౌడ్‌బెర్రీని అన్నిటికన్నా విలువైనదిగా చూస్తారు. దువ్వెన పళ్లు అమర్చిన చిన్న డబ్బా వంటి పనిముట్టుతో కుటుంబాలు కలిసి పండ్లు కోసుకోవడం అక్కడ సెలవు రోజుల సాధారణ దృశ్యం. మంచుదేశపు అడవిలో చిన్నబుట్ట పట్టుకుని నిలబడిన తెలుగు కుటుంబానికి ఆ పని కొత్తది కాదు. కొత్తగా కనిపించేది ఆ పనికి అక్కడి చట్టం ఇచ్చిన గౌరవం.

ఆ గౌరవానికి తోడుగా హద్దులూ ఉన్నాయి. వాటిని చెప్పకుండా హక్కును మాత్రమే చెప్పడం సగం నిజమే అవుతుంది. ఇంటి చుట్టూ ఉన్న స్థలంలోకి, పైరు ఉన్న పొలంలోకి అడుగు పెట్టకూడదు. బతికున్న చెట్టు కొమ్మ విరచకూడదు. రక్షిత మొక్కలను తాకకూడదు. వాహనాన్ని అడవిలోకి నడపకూడదు. నార్వే ఉత్తర ప్రాంతంలో క్లౌడ్‌బెర్రీ నేలల యజమాని పండ్లు కోయవద్దని చెప్పవచ్చు, అయినా దారిన పోయేవారు అక్కడికక్కడే తినడాన్ని మాత్రం అక్కడి చట్టం అడ్డుకోదు. స్వీడన్ పర్యావరణ సంస్థ ఈ నియమాలన్నిటినీ ఇబ్బంది పెట్టవద్దు, పాడు చేయవద్దు అనే రెండు మాటల్లో చెబుతుంది. హక్కును వ్యాపారం ఆక్రమించినప్పుడు ఏమవుతుందో కూడా ఆ దేశాలే చూపించాయి: స్వీడన్, ఫిన్లాండ్‌లలో అమ్మకం కోసం పండ్లు కోసే పనికి ఏటా థాయిలాండ్ నుంచి వేల మంది కూలీలను రప్పించడం పరిపాటి అయింది, వారి శ్రమను దోచుకున్నారన్న కేసులు న్యాయస్థానాల దాకా వెళ్లాయి. అందరూ ఉచితంగా తినగలిగే పండు చుట్టూ పేదవాడి కష్టాన్ని చౌకగా కొనే వ్యాపారం పెరగకుండా మొదటి నుంచే జాగ్రత్త పడాలన్నది ఆ అనుభవం చెప్పే పాఠం.

ఇటువంటి ఆచారం తెలుగు నేలకు పరాయిది కాదని చెప్పడానికి బతుకమ్మ పండుగ ఒక్కటి చాలు. 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగగా గుర్తింపు పొందిన బతుకమ్మకు కావలసిన తంగేడు గుట్టల అంచున, గునుగు మెట్ట చేలల్లో ఎవరూ నాటకుండానే పూస్తాయి. పండుగ ముందు రోజుల్లో వాటిని కోసుకు రావడానికి వెళ్లిన పిల్లలు ఆ చేను ఎవరిదని అడగరు, చేను గలవారూ వారిని దొంగలుగా చూడరు. దసరా నాడు ఊరి బయటికి వెళ్లి జమ్మి ఆకు తెచ్చుకోవడం, పాలపిట్ట కోసం ఆకాశం వైపు చూడడం, కార్తీక మాసంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం చేయడం కూడా ఈ కోవకు చెందినవే. తంగేడును రాష్ట్ర పుష్పంగా, జమ్మిని రాష్ట్ర వృక్షంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా తెలంగాణ ఎంచుకోవడంలో మెట్ట నేల పట్ల, ఊరి బయటి పొదల పట్ల ఈ ప్రజలకున్న మమకారమే కనిపిస్తుంది. పువ్వు విషయంలో ఇప్పటికీ నిలిచి ఉన్న ఈ అలిఖిత హక్కును పండు విషయంలో కూడా నిలబెట్టమనడం కొత్త కోరిక కాదు, ఉన్న మర్యాదను కొనసాగించమనడమే.

ఈ ప్రాంతపు అడవి పండ్లను వరుసలో పెట్టి చూస్తే ఏడాదంతటికీ సరిపోయే ఒక పంచాంగం తయారవుతుంది. సంక్రాంతి నాటికి రేగుపండ్లు వస్తాయి. భోగి నాడు పిల్లల తల మీద పోసేవీ, దంచి బెల్లం, మిరపకాయ, ఉప్పు కలిపి వడియాలుగా ఎండబెట్టేవీ ఇవే. అదే చలికాలంలో పరికి కంపకు బఠాణీ గింజంత నల్లని పండ్లు కాస్తాయి. కొక్కెం వంటి ముళ్ల మధ్య నుంచి వేళ్లు గీరుకోకుండా వాటిని కోయడం ఒక నేర్పు. ఎండలు ముదిరాక తునికి పండు పసుపుపచ్చని జిగట గుజ్జుతో పండుతుంది. బీడీలకు ఆకునిచ్చేదిగా మాత్రమే చాలామందికి తెలిసిన చెట్టు ఇదే. సారపప్పును తన గింజలో దాచుకున్న మొర్రిపండు, తెల్లని పూలు పూసి నల్లని పండ్లు కాసే కలివి, చెరువు కట్టల మీది ఈత కూడా వేసవివే. మృగశిర కార్తె వేళకు నేరేడు, దసరా వేళకు సీతాఫలం, కార్తీకానికి ఉసిరి అందివస్తాయి. బతికుంటే బలుసాకు తినవచ్చన్న సామెత పుట్టించిన బలుసు పొద ఆకునే కాదు, చిన్న పసుపుపచ్చని పండ్లనూ ఇస్తుంది. కరువులో కూడా మనిషిని చావనివ్వని మొక్కగా ఆ సామెత దానిని నిలబెట్టింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార కూర్పు పట్టికల్లో రేగు, నేరేడు, ఉసిరి, సీతాఫలాలకు చోటు దక్కింది; పరికి, బలుసు వంటి పండ్ల విలువ మాత్రం వాటిని తిన్న నాలుకల మీదనే ఎక్కువగా నిలిచి ఉంది.

ఈ పంచాంగంలోని పేజీలు ఎందుకు చిరుగుతున్నాయో తెలుసుకోవాలంటే ఈ నేల చరిత్రను చూడాలి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. లాల్ బహదూర్ కాలువగా పేరుపొందిన ఎడమ కాలువ వేములపల్లి మీదుగా సాగి జొన్న, ఆముదం, కంది పండే మెట్టను వరి మాగాణిగా మార్చింది, మిర్యాలగూడను రైసు మిల్లుల పట్టణంగా నిలబెట్టింది. ఆ నీళ్లు పెట్టిన అన్నాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే దిబ్బలు చదునై మడులుగా మారినప్పుడు రేగు, పరికి కంపలు పోయాయి. ఒక్కో మూర నేలకు విలువ పెరిగిన కొద్దీ పొలం గట్లు సన్నబడ్డాయి. కూలీల కొరత వల్ల కలుపు మందులు వచ్చాక గట్ల మీద మిగిలిన మొక్కలూ మాడిపోయాయి. పశువుల మేతకు విడిచిన సర్కారు భూమిని ఈ ప్రాంతంలో బంచరాయి అంటారు, చెరువులో నీరు నిలిచే నేలను శిఖం అంటారు. ఈ రెండూ ఆక్రమణలకు గురైన చోట, లేదా సర్కారు తుమ్మ కమ్ముకున్న చోట పండ్ల పొదలకు నిలువ నీడ లేకుండా పోయింది. ఎవరో ఒకరు కావాలని చేసిన నాశనం కాకపోవడం వల్లనే దీనిని ఎవరూ గమనించలేదు. ప్రతి రైతూ తన గట్టును తాను శుభ్రం చేసుకున్నాడు, అన్ని గట్లూ కలిసి ఒక అడవి అన్న సంగతి అవి పోయిన తర్వాతే తెలిసింది.

చట్టం వైపు నుంచి చూస్తే పరిస్థితి ఇలా ఉంది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తులను సేకరించడం నేరం. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం వంటి చోట్ల ఆ కట్టడి అవసరం కూడా, దానిని సడలించమని ఈ లేఖ కోరడం లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిని ఆధారం చేసుకుని బతికే షెడ్యూల్డు తెగలకు, మూడు తరాలుగా అంటే 75 ఏళ్లుగా అడవిలో నివసిస్తూ దాని మీద ఆధారపడిన ఇతరులకు చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కును గుర్తించింది. కలప కాకుండా మొక్కల నుంచి వచ్చే వెదురు, తేనె, తునికాకు, మందుమూలికలు, దుంపల వంటివి చిన్నతరహా అటవీ ఉత్పత్తులు. చెంచులకు, ఇతర గిరిజనులకు ఈ హక్కు జీవనాధారం కనుక దానికి ఏ లోటూ రాకూడదు. కానీ అడవి తక్కువగా ఉండి, బంచరాయి, గుట్ట, చెరువు కట్ట, బాటల అంచులే అడవికి ప్రతినిధులుగా మిగిలిన వేములపల్లి వంటి వరి ప్రాంతాలకు ఈ చట్టాలు దాదాపుగా చేరవు. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి వాటిని గ్రామస్థుల ఉమ్మడి వాడకానికి తిరిగి అప్పగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. తిరిగి దక్కిన భూమిలో ఏం పెరగాలి, దానిని ఎవరు అనుభవించాలి అన్నది తేల్చుకోవలసింది గ్రామమే.

మొక్కలు నాటడంలో తెలంగాణ పంచాయతీలకు అనుభవం తక్కువేమీ కాదు. 2015లో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరూరా నర్సరీని, నాటిన మొక్కల్లో 85 శాతాన్ని బతికించే బాధ్యతను పంచాయతీల మీద ఉంచింది. 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలు వెలిశాయి. ఇంత శ్రమలో ఒక లోటు మిగిలింది: త్వరగా పెరిగి పచ్చగా కనిపించే మొక్కలకు దక్కిన చోటు, ఆలస్యంగా పెరిగి ముళ్లతో నిండి పండ్లనిచ్చే స్థానిక పొదలకు దక్కలేదు. ఎక్కువగా నాటిన కోనోకార్పస్ మొక్కను ఇక పెంచవద్దని ప్రభుత్వమే తర్వాత చెప్పవలసి వచ్చింది. పిట్ట తినని, పిల్లలు కోయని మొక్క ఎంత పచ్చగా ఉన్నా అది ఊరి జీవితంలో భాగం కాలేదు; పరికి కంప చూడడానికి చిందరవందరగా ఉన్నా పికిలిపిట్టకూ పశువుల కాపరికీ ఒకే వేళ విందు పెడుతుంది.

అందువల్ల పంచాయతీలు నాలుగు పనులు చేపట్టాలని ఈ లేఖ సవినయంగా కోరుతున్నది. మొదటిది లెక్క. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరిలోని మొక్కలు, జీవాలు, వాటి గురించి ప్రజలకున్న తెలివిడి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులోకి ఎక్కాలి. గొర్రెల కాపరులను, తండాల పెద్దలను, కలుపు తీసే తల్లులను పిలిచి, ఊరి పొలిమేరలో ఏ పండ్ల పొద ఎక్కడ మిగిలిందో, ఏ నెలలో పండుతుందో వారి నోటి పేర్లతోనే ఆ రిజిస్టరులో రాయించాలి. మొక్క పోయిన తర్వాత పేరు దొరకవచ్చు గాని, పేరు పోయిన తర్వాత మొక్కను వెతికేవారు ఉండరు.

రెండవది పెంపకం. పంచాయతీ నర్సరీలో ఏటా కొంత భాగాన్ని పరికి, బలుసు, కలివి, రేగు, నేరేడు, ఉసిరి, వెలగ, ఈత మొక్కలకు కేటాయించి, వాటి విత్తనాన్ని చుట్టుపక్కల మిగిలిన పొదల నుంచే సేకరించాలి. ముళ్ల జాతులను బడి ఆవరణ బయటి అంచున, శ్మశానం చుట్టూ, పల్లె ప్రకృతి వనం హద్దున జీవకంచెగా నాటితే ఇనుప తీగ ఖర్చు తగ్గుతుంది, పండూ దక్కుతుంది. కాలువ కట్టల వెంబడి నాటేటప్పుడు వేళ్ల వల్ల కట్టకు హాని కలగకుండా నీటిపారుదల శాఖ ఇంజనీర్ల సలహా తీసుకుని, కట్ట వెలుపలి నేలనే ఎంచుకోవాలి.

మూడవది తీర్మానం, ఈ లేఖకు ప్రాణం వంటిది ఇదే. పంచాయతీ అధీనంలోని ఉమ్మడి భూముల్లో తనంతట తానుగా గాని, పంచాయతీ నాటగా గాని పెరిగిన అడవి పండ్లను ఊరివారైనా, దారిన పోయేవారైనా, వలస కూలీ పిల్లలైనా తినడానికి, ఇంటికి కొద్దిగా తీసుకుపోవడానికి కోసుకోవచ్చని గ్రామసభ రాతపూర్వకంగా ప్రకటించాలి. వాటిని వేలానికి పెట్టబోమని, కొమ్మలు విరచడం, కంపకు నిప్పు పెట్టడం, మందు కొట్టడం కూడదని, పిట్టలకూ మరుసటి ఏటి మొలకలకూ కొంత కాయ వదలాలని అదే తీర్మానంలో ఉండాలి. అమ్ముకుని బతికే పేద స్త్రీలు గంపెడు సీతాఫలాలో రేగుపండ్లో కోసుకుంటే వారికి అడ్డు చెప్పరాదు. గుత్తేదారు లారీతో వచ్చి దోచుకుపోతే ఊరుకోరాదు. సొంత పట్టా భూమి దీని పరిధిలోకి రాదు; అక్కడ యజమాని మంచితనమే చట్టం.

నాలుగవది పరిచయం. ఏటా కార్తీక మాసంలో ఒక రోజు బడి పిల్లలను పెద్దల వెంట గుట్టకో, చెరువు కట్టకో నడిపించి, వనభోజనం పెట్టి, ఏ పండు తినదగినదో, ఏది ముట్టరానిదో చూపించాలి. ఎర్రగా, నల్లని మచ్చతో ముచ్చటగా కనిపించే గురివింద గింజ నమిలితే ప్రాణాంతకమని, ఉమ్మెత్త కాయ, గన్నేరు విషమని, గుర్తు తెలియని పండును నోట పెట్టరాదని, పొదలో చేయి పెట్టే ముందు కర్రతో తట్టి పామును కదిలించాలని, కలుపు మందు కొట్టిన గట్టు మీది కాయను ముట్టరాదని చెప్పవలసినది అక్కడే. ఈ తెలివిడి నాయనమ్మ నుంచి మనుమరాలికి నడకలోనే అందింది. నడక ఆగిన చోట అదీ ఆగిపోయింది.

ముళ్ల పొదలు పెంచితే ఊరు అందవికారంగా ఉంటుందని, ఉచిత పండు కోసం గొడవలు వస్తాయని, అంత విలువైన భూమిని కంపలకు వదలడం దండగని కొందరు అనవచ్చు. ఈ పొదలకు కావలసినది ఎకరాలు కాదు, ఇప్పటికే దేనికీ పనికిరాదని వదిలిన అంచులు. గొడవలు హక్కు రాయడం వల్ల కాక, రాయకపోవడం వల్ల వస్తాయి. ఎవరు ఎంత కోయవచ్చో ముందే తేలిన చోట తగవుకు తావు ఉండదు. ఇక అందం సంగతి: శబరి తన ఆశ్రమానికి వచ్చిన రాముడికి పెట్టిన విందు రేగుపండ్లేనని తరతరాలుగా చెప్పుకునే ప్రజలకు రేగుకంప అందవికారంగా కనిపించవలసిన పని లేదు.

ఉత్తర దేశాల పిల్లలకు నీలిపండు మీద ఉన్న హక్కు వేములపల్లి పిల్లలకు పరికి పండు మీద ఉండాలి. దానికి కొత్త చట్టసభ అక్కరలేదు, ఊరి గ్రామసభ చాలు. రానున్న గ్రామసభలోనే ఈ తీర్మానాన్ని చర్చకు పెట్టి, ఆమోదించి, పంచాయతీ కార్యాలయం గోడ మీద అందరూ చదవగలిగేలా రాయించవలసిందిగా సర్పంచులను, వార్డు సభ్యులను, ఓటు వేసి వారిని ఎన్నుకున్న గ్రామస్థులను ఈ లేఖ మనసారా వేడుకుంటున్నది.